కేటలాగులో ఆమె పేరు



రాధికా సాంత్వనం అనే కావ్యం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరును ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం అది. 1887లో అచ్చయింది. పద్యాలు అచ్చయ్యాయి గాని, కావ్యం మొదట ఉండవలసిన పీఠిక ఆ పుస్తకంలో లేదు. ఆశ్వాసాల చివర ఉండవలసిన గద్యలూ లేవు. తెలుగు కావ్యాలతో పరిచయం ఉన్నవారికి తెలుసు, కవి తన సంగతి చెప్పుకునేది ఆ రెండు చోట్లే. ఎవరి బిడ్డ, ఎవరి శిష్యరికం, ఏ దేవుడికి అంకితం, అంతా అక్కడే ఉంటుంది. ముద్దుపళని ఆ చోట తన అవ్వ తంజనాయకిని తలుచుకుంది, తన ఇంటి ఆడవాళ్ళ విద్యను చెప్పుకుంది. అచ్చులో పద్యాలు నిలిచాయి, రాసిన మనిషి వంశం ఊరూ పేరూ లేకుండా పోయింది.

అది గమనించినవారు బెంగుళూరు నాగరత్నమ్మ గారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన మహా గాయని ఆమె. అచ్చుపుస్తకంతో తృప్తి పడకుండా వ్రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి, పోయిన భాగాలన్నీ చేర్చి 1910లో వావిళ్ళ వారి చేత మళ్ళీ అచ్చు వేయించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని ఆ ప్రతులను పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాంలో, 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ళ వారు తిరిగి అచ్చు వేశారు. ఇంత జరిగినా ఇవాళ మనం ముద్దుపళని నోటనే ఆమె వంశం గురించి వినగలుగుతున్నామంటే, ఎక్కడో ఒకచోట ఒక వ్రాతప్రతి చెదలు పట్టకుండా నిలిచింది కాబట్టి, దాన్ని వెతికి చదివిన మనిషి ఒకరు ఉన్నారు కాబట్టి.

నా ఉద్యోగం వ్రాతప్రతులకూ పాత కాగితాలకూ కేటలాగు రాయడం. అందులోనూ కొన్నేళ్ళుగా ఆడవాళ్ళ రాతలు, ఆడవాళ్ళ బతుకులకు సంబంధించిన కాగితాలు చూస్తున్నాను. తాళపత్రాలు, ఉత్తరాల కట్టలు, లెక్కల పుస్తకాలు, పాటల నోటుపుస్తకాలు, మహిళా సంఘాల మినిట్సు పుస్తకాలు, దస్తావేజులు. ఒక్కొక్కటీ విప్పి, చదివి, ఇది ఏమిటి, రాసిందెవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని పుటలు, ఎవరి ఇంటినుంచి వచ్చింది, ఏ స్థితిలో ఉంది అని రాసిపెట్టాలి. రేపు పరిశోధన చేసేవారు వచ్చి వెతికేది ఆ నాలుగు వాక్యాల్లోనే. అసలు కాగితం వాళ్ళ చేతికి అందాలంటే ముందు ఆ వాక్యాలు దారి చూపాలి.

ఇన్నాళ్ళ పనిలో నాకు రూఢి అయిన మాట ఒకటి ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను. ఆడవాళ్ళ చరిత్రకు ఆధారాలు దొరకవని తరచు అంటుంటారు. కాని ఆధారాలు చాలాచోట్ల ఉన్నాయి. గ్రంథాలయాల్లో ఉన్నాయి, ప్రభుత్వ భాండాగారాల్లో ఉన్నాయి, మన అటకల మీదా ఉన్నాయి. వాటి మీద అంటించిన చీటీలో వేరొకరి పేరు ఉంది. ఆ చీటీని సరిగా రాయడమే ఇప్పుడు మన ముందున్న పెద్ద పని.

ఇంకొక కావ్యం సంగతి చెబుతాను. 1916లో తిరువనంతపురంలో రామస్వామి శాస్త్రియార్ అనే పండితుడికి ఒక ఇంటి గ్రంథాలయంలో తాళపత్రాల కట్ట దొరికింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గ్రంథాల నడుమ మూడోది ఇరుక్కుని ఉంది. 61 ఆకులు. అదే మధురా విజయం. పద్నాలుగో శతాబ్దంలో విజయనగర రాజకుమారుడు కుమార కంపన మధుర మీదికి చేసిన దండయాత్రను, ఆయన భార్య గంగాదేవి సంస్కృతంలో కావ్యంగా రాసింది. పూర్వకవులను స్తుతిస్తూ ఆమె మన తిక్కనను కూడా తలుచుకుంది. ఒక రాణి, కళ్ళెదుటి యుద్ధం, సంస్కృత కావ్యంలో తెలుగు కవికి నమస్కారం. ఇంత సంపద ఆ 61 ఆకుల్లో ఉంది. అలాంటి కట్టకు పైనున్న గ్రంథం పేరు ఒక్కటే రాసి బీరువాలో పెట్టేస్తే గంగాదేవి మరో వందేళ్ళు అక్కడే ఉండిపోతుంది. అందుకే మా పనిలో మొదటి నియమం, కట్టను చివరి ఆకు దాకా చూడాలి. మధ్యలో చేతిరాత మారిందా, ఆకు కొలత మారిందా, శ్రీకారం మళ్ళీ కనిపించిందా అని చూస్తూ పోవాలి.

తాళపత్రం చూసినవారికి తెలుసు, గంటంతో గీసిన అక్షరానికి రంగు ఉండదు. ఆకు మీద సన్నని గీతలే ఉంటాయి. మసి పూసి తుడిస్తే నలుపు ఆ గీతల్లో నిలిచి అక్షరం పైకి లేస్తుంది. ఏళ్ళు గడిచినకొద్దీ ఆ మసి వెలిసిపోతుంది. అప్పుడు మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఆకు పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె రాసి, మళ్ళీ మసి పట్టించి చదవాలి. పక్కనుంచి వెలుతురు పడేలా ఆకును వంచి పట్టుకుంటే, ఏమీ లేదనుకున్న చోట ఒక పేరు కనిపిస్తుంది. గద్య ఉండేది చివరనే, కట్టలో ముందు విరిగిపోయేదీ చివరి ఆకులే. కనుక మిగిలిన చిన్న ముక్కనైనా పారేయకుండా, దాని మీద ఎన్ని అక్షరాలు ఉంటే అన్నీ కేటలాగులోకి ఎక్కిస్తాం.

మొల్ల, రంగాజమ్మ, తరిగొండ వెంగమాంబ వంటి కవయిత్రుల పేర్లు జనం నోళ్ళలో నిలిచాయి. 1953లో ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ గారు ఆంధ్ర కవయిత్రులు అనే గ్రంథంలో అలాంటివారి వివరాలు ఎన్నో పోగుచేసి పెట్టారు. అయితే నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం కావ్యాలు రాయని ఆడవాళ్ళవి. వాళ్ళ పేరు నిలబెట్టడం ఇంకా కష్టం.

ఒక ఇంటివాళ్ళు ఇచ్చిన ట్రంకుపెట్టె సంగతి కొంచెం వివరంగా చెబుతాను. పెట్టెతోపాటు ఒక చీటీ కూడా ఇచ్చారు. తాతగారి లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు అని దాని మీద ఉంది. లోపల పైన దస్తావేజులు, పన్ను రసీదులు, కింద ఉత్తరాలు, అన్నిటికీ అడుగున ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి. మొదటి పుటలో శ్రీరామ, నాలుగు మూలలా పసుపు మరకలు. తరువాత రోజువారీ పద్దులు. మినుములు, బెల్లం, పాలమనిషికి ఇచ్చింది, చాకలికి ఇచ్చింది, మంత్రసానికి ఇచ్చింది. పైపైన చూస్తే తాతగారి లెక్కలేనని ఎవరైనా అనుకుంటారు. చదువుతూ పోతే ఒకచోట, వారికి చుట్టలు అని ఉంది. మరో రోజున, వారు బందరు వెళ్ళిరి అని ఉంది. తన చుట్టలకు తానే వారికి అని రాసుకునే మగవాడు ఉండడు. మొగుడి పేరు నోట పలకని ఇల్లాలి రాత అది.

ఆ తరువాత పుస్తకాన్ని వెనక వైపునుంచి తిప్పాను. ఆడవాళ్ళ పుస్తకాలను ఎప్పుడూ రెండు వైపులనుంచీ చూడాలి. ముందు వైపు ఇంటికి, వెనక వైపు తనకు. అక్కడ ఒక మంగళహారతి పాట ఉంది. బాలింతకు పెట్టే కాయానికి శొంఠి ఎంత, పిప్పళ్ళు ఎన్ని, వాము ఎంత అని ఉంది. దాని కింద పిల్లల పుట్టుకలు, తిథి, నక్షత్రం, ఎన్ని ఘడియలకు పుట్టిందీ. వరసలో రెండు పేర్ల ఎదురుగా వేరే సిరాతో, పోయినది అని ఒక్క మాట. ఏ జబ్బో, ఎంత వయసో రాయలేదు. దాని తరువాతి పుటలో మళ్ళీ మినుములు, బెల్లం.

ఇక అది ఎప్పటిదో తేల్చాలి. పుస్తకంలో ప్లవ నామ సంవత్సరం అని ఉంది. మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ప్లవ 1901లో వచ్చింది, 1961లోనూ వచ్చింది. ఏది ఇది? పద్దులన్నీ రూపాయలు, అణాలు, పైసల్లో ఉన్నాయి. దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. 1961లో రాసిన లెక్క అయితే ఎక్కడో ఒకచోట నయాపైసలు తగలాలి, తగల్లేదు. అయినా అణాల్లో లెక్క చెప్పే అలవాటు తరువాత కూడా కొన్నాళ్ళు సాగింది కాబట్టి ఆ ఒక్క సాక్ష్యం చాలదు. పుటల మధ్య మడిచి పెట్టిన పోస్టుకార్డు రెండో సాక్ష్యం ఇచ్చింది. పావు అణా కార్డు, మీద విక్టోరియా రాణి ముఖం. అలా ప్లవ అంటే 1901 అని తేలింది. ఆ కార్డును మేము తీసి ఉత్తరాల్లో కలపలేదు. ఏ పుటల మధ్య దొరికిందో ఆ పుటల అంకెలు రాసి, అక్కడే ఉంచాం. కాగితాన్ని దాని చోటునుంచి కదిలిస్తే అది చెప్పే సాక్ష్యం సగం పోతుంది.

ఆ పుస్తకానికి చివరకు రాసిన ఎంట్రీ వినిపిస్తాను. ఇంటి పద్దుల పుస్తకం, రచయిత్రి ఇంటి ఇల్లాలు, పేరు ఇంకా తెలియదు. ప్లవ సంవత్సరం, 1901-02. వెనక వైపు మంగళహారతి, ప్రసవానంతర వైద్యం, పిల్లల జనన మరణాల పట్టిక. పద్దుల్లో మంత్రసాని, చాకలి, పాలమనిషి కూలి రేట్లు. ఇంటివారు ఇచ్చిన చీటీలో తాతగారి లెక్కలు అని ఉంది. ఇంతే. పాత చీటీని మేము చింపి పారేయలేదు. ఒక ఇల్లు తన ఇల్లాలి రాతను ఎవరి ఖాతాలో వేసుకుందో చెప్పే సాక్ష్యం అది కూడా. కాని ఇప్పుడు తెలుగునాట ప్రసవాల గురించి, పిల్లల మరణాల గురించి, కూలి ధరల గురించి, ఆడవాళ్ళ పాటల గురించి వెతికేవారెవరైనా ఈ పుస్తకం దగ్గరికి రాగలరు. ముందున్న చీటీ ఒక్కటే ఉంటే నలుగురిలో ఒక్కరూ వచ్చేవారు కాదు.

ఇలాంటి రాతలకు విలువ ఏముంటుందని అడిగేవారికి అమెరికానుంచి ఒక ఉదాహరణ చెబుతాను. మెయిన్ రాష్ట్రంలోని హాలోవెల్ అనే ఊళ్ళో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785నుంచి 1812 దాకా, 27 ఏళ్ళు, రోజూ డైరీ రాసింది. ఎవరింట్లో పురుడు పోసింది, నది గడ్డకట్టిందా, ఎంత బట్ట నేశారు, ఎవరు ఎంత ఇచ్చారు. అది చూసిన చరిత్రకారులు కొందరు చిల్లర సంగతులని పక్కన పెట్టారు. లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే చరిత్రకారిణి ఆ చిల్లర సంగతులనే ఏళ్ళ తరబడి లెక్కకట్టింది. 800 పైచిలుకు పురుళ్ళు, తల్లుల మరణాలు ఎన్ని, ఊరి ఆడవాళ్ళ మధ్య నడిచిన అప్పులు, మారకాలు ఏమిటి, అన్నీ తేల్చి 1990లో పుస్తకంగా రాసింది. ఆ పుస్తకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. డైరీ మొదటినుంచీ అలాగే ఉంది. దాన్ని చూసే కన్ను మారింది.

ఆ దేశంలోనే 1970లలో ఆండ్రియా హిండింగ్ నాయకత్వాన మరో పని జరిగింది. దేశమంతటా భాండాగారాలకు ఉత్తరాలు రాసి, వెళ్ళి, మీ దగ్గర ఆడవాళ్ళ కాగితాలు ఏమున్నాయని అడిగారు. మా దగ్గర అలాంటివేమీ లేవనుకున్న చోట్ల కూడా బీరువాలు తెరిచి చూస్తే భర్తల ఫైళ్ళలో, తండ్రుల ఫైళ్ళలో, కుటుంబపు కాగితాల్లో కుప్పలుగా దొరికాయి. 1979లో అచ్చయిన ఆ సూచిలో సుమారు 1,600 భాండాగారాల్లోని 18,000 సంచయాల వివరాలు ఉన్నాయి. కొత్తగా తెచ్చి పెట్టిన కాగితాలు కావవి. ఉన్నవాటికే పేరు పెట్టారు. మన రాష్ట్రాల్లోనూ అలాంటి సర్వే ఒకటి గ్రంథాలయం గ్రంథాలయం తిరిగి చేయవలసి ఉంది. అది జరిగితే తెలుగువారి ఇళ్ళ చరిత్రను మనం తిరగరాసుకోవలసి వస్తుందని నా నమ్మకం.

ఈ పనిలో నిజంగా చిక్కు తెచ్చేది పేర్లు. మగవాడి ఇంటిపేరు పుట్టిననాటినుంచి పోయేదాకా ఒక్కటే. ఆడదాని ఇంటిపేరు పెళ్ళితో మారుతుంది. భండారు అచ్చమాంబ గారిని తీసుకోండి. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టింటి పేరు కొమర్రాజు. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆమె తమ్ముడు. బడికి వెళ్ళకుండా, తమ్ముడి చదువు పక్కన కూర్చుని చదువుకుని, అబలా సచ్చరిత్ర రత్నమాల అని మన దేశపు స్త్రీల చరిత్రలను పోగుచేసి రాశారు. దాని మొదటి భాగం 1901లో వచ్చింది. ధనత్రయోదశి అనే ఆమె కథ 1902లో హిందూసుందరి పత్రికలో పడింది. ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించి, 1905లో ముప్ఫై ఏళ్ళకే కన్నుమూశారు. ఆడవాళ్ళ చరిత్రను సేకరించాలని తెలుగులో మొదట నడుం కట్టిన మనిషి ఆమె. ఆమె చిన్ననాటి సంగతులు కావాలంటే భండారు వారి కాగితాల్లో వెతికితే దొరకవు, కొమర్రాజు వారి వైపు పోవాలి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతీ అంతే. రాజ్యాంగ సభ చర్చల్లో ఆమె ఎన్నోసార్లు లేచి మాట్లాడారు. దేశ్‌ముఖ్ అనే పేరుతో ఆ చర్చల సంపుటాలు వెతికితే ఒక్క ప్రసంగమూ తగలదు. అక్కడ ఆమె శ్రీమతి జి. దుర్గాబాయి. చింతామణి దేశ్‌ముఖ్ గారితో పెళ్ళి 1953లో జరిగింది. ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ళ కాగితాలు, ఉప్పు సత్యాగ్రహం నాటి జైలు రికార్డులు అన్నీ అంతకు ముందువి. ఇంత ప్రసిద్ధురాలి విషయంలోనే ఇలా ఉంటే, ఊళ్ళో ఒక పంతులమ్మ, ఒక నర్సు, ఒక కవయిత్రి సంగతి ఏం చెప్పాలి? అందుకని కేటలాగులో ప్రతి స్త్రీ పేరుకూ పుట్టింటి పేరు, అత్తింటి పేరు, కలం పేరు, ఇంట్లో పిలిచే పేరు, దొరికినవన్నీ రాసి, ఏ పేరుతో వెతికినా మిగిలినవాటికి దారి ఉండేలా కలుపుతాం. పేరు దొరకకపోతే ఫలానావారి భార్య అని సరిపెట్టకుండా పేరు తెలియదు అని స్పష్టంగా రాస్తాం. ఆ మాట చదివిన మరొకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరు వెతికి పెడతారు.

ఉత్తరాల పైభాగం కూడా ఎన్నో సంగతులు చెబుతుంది. పాతకాలపు ఉత్తరంలో స్త్రీ పేరుకు ముందు చి.ల.సౌ. అని ఉంటే ఆమె ముత్తైదువ. కొన్నేళ్ళ తరువాతి ఉత్తరంలో అదే పేరుకు ముందు గం.భా.స. అని, అంటే గంగాభాగీరథీ సమానురాలు అని కనిపిస్తే, ఆ నడుమ ఆమె భర్త పోయాడన్నమాట. తేదీలు లేని కట్టను వరసలో పెట్టడానికి మాకు ఇది పనికివస్తుంది. పనికివచ్చిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది కూడా. ఆమె రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆమె గొంతు మారదు. పిల్లవాడి చదువు సంగతి, పొలం కౌలు సంగతి అంతే గట్టిగా అడుగుతూ ఉంటుంది. కేటలాగులో నేను మొదట రాసేది ఆ పొలం సంగతి, ఆ చదువు సంగతి. ఆమె వితంతువు అన్న సంగతి దాని చోట దానికి ఉంటుంది, ఆమెకు శీర్షిక కాదు.

కొన్ని ఉత్తరాలు చదివినప్పుడు ఇది నేను చదవవచ్చా అనిపిస్తుంది. మొగుడి చేతి దెబ్బలు, పిల్లలు లేరని పడ్డ మాటలు, సవతి వచ్చిన రోజు, పుట్టింటికి తీసుకుపొమ్మని తండ్రికి రాసిన నాలుగు ముక్కలు. వీటిని అందరి ముందూ పెట్టడం న్యాయం కాదు, దాచి లేవనడం అంతకంటే అన్యాయం. మేము పాటించే పద్ధతి ఏమిటంటే, ఇచ్చిన కుటుంబంతో కూర్చుని మాట్లాడి, బతికి ఉన్నవారికి ఇబ్బంది కలిగే కాగితాలను కొన్నేళ్ళపాటు మూసి ఉంచుతాం. అవి ఉన్నాయనీ, ఎప్పుడు తెరుస్తామనీ కేటలాగులో రాస్తాం. కుటుంబం పరువు పేరు చెప్పి కాల్చేస్తామనేవారికి నేను చెప్పేది ఒకటే. ఆ తల్లి ఎవరికీ చెప్పుకోలేని మాటను కాగితానికి చెప్పుకుంది. దాన్ని కాలిస్తే ఆమె నోరు రెండోసారి మూసినట్టు అవుతుంది.

ఇంతదాకా చదువు వచ్చిన ఆడవాళ్ళ గురించే మాట్లాడాను. మన అమ్మమ్మల తరంలో అత్యధికులకు అక్షరం రాదు. వాళ్ళు భాండాగారంలో కనిపించేది ఎక్కువగా వేలిముద్రలుగానే. పాత దస్తావేజు అడుగున నల్లటి బొటనవేలి గుర్తు, పక్కన వేరెవరో రాసిన పేరు, కింద సాక్షుల సంతకాలు. భూమి అమ్మినా, అప్పు తీసుకున్నా, తన వాటా వదులుకున్నా ఆ ముద్రే. మునుపు అలాంటి దస్తావేజులకు కొన్నవాడి పేరూ అమ్మినవాడి పేరూ రాసి వదిలేసేవారు. ఇప్పుడు వేలిముద్ర వేసిన ప్రతి స్త్రీ పేరూ ఎక్కిస్తున్నాం. ఆమె ఏ హక్కుతో వేసింది, ఏం పోగొట్టుకుంది అన్నది కూడా రాస్తున్నాం. ఒక ఊరి దస్తావేజులు ఇలా వరసగా చూస్తే ఆ ఊళ్ళో ఆడవాళ్ళ చేతుల్లోనుంచి భూమి ఎలా జారిపోయిందో కళ్ళకు కడుతుంది.

రాయలేనివారి మాటను నిలబెట్టిన గొప్ప పని తెలుగునాట ఒకటి జరిగింది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను వెతికి, వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది టేపుల్లో రికార్డు చేసుకుని, 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం తెచ్చారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి మాటలు వాళ్ళ యాసలోనే అందులో ఉన్నాయి. తుపాకీ పట్టిన సంగతితోపాటు, అడవిలో కన్నబిడ్డను ఎలా వదులుకోవలసి వచ్చింది, పోరాటం ముగిశాక మళ్ళీ ఇంటికి పొమ్మన్నప్పుడు ఏమనిపించింది అన్నవి కూడా అక్కడే వినిపిస్తాయి. పార్టీల నివేదికల్లో అవి దొరకవు. టేపులకు కేటలాగు రాసేటప్పుడు నాకు ఆ పుస్తకమే ఒజ్జబంతి. చెప్పిన మాటను పుస్తకాల భాషలోకి దిద్దకూడదు. ఎక్కడ ఆగిందో, ఎక్కడ కన్నీళ్ళు పెట్టుకుందో, ఎక్కడ టేపు ఆపమందో అది కూడా రాయాలి.

ఇప్పుడు మీ ఇళ్ళ సంగతికి వస్తాను. ఇల్లు మారేటప్పుడో, పెద్దవారు పోయాక గది ఖాళీ చేసేటప్పుడో మీ చేతికి ఇలాంటి కాగితాలు రావచ్చు. చిత్తు కాగితాలవాడిని పిలిచేముందు ఒక పూట ఆగండి. పెట్టెలో ఏది ఎక్కడ ఉందో అలాగే ఫోనుతో ఫొటోలు తీయండి. తేదీల వరసన సర్దాలని చూడకండి, ఆ వరస అమ్మమ్మ పెట్టుకున్నది, అది అలాగే ఉండాలి. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసేయండి. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, అది పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, తడి తగలని చోట పెట్టండి. మీకు తెలిసిన వివరం ఏదైనా రాయాలనుకుంటే వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి దానితోపాటు ఉంచండి.

ఆ వివరాలు ఇప్పుడే రాయండి. ఫొటోలో నాయనమ్మ పక్కన నిలబడ్డావిడ ఎవరో చెప్పగలిగినవారు ఇంట్లో ఇవాళ ఒక్కరే ఉండవచ్చు. ఆమె పేరు, పుట్టింటి పేరు, ఊరు, ఏం చదివింది, ఏం పని చేసింది అడిగి రాసిపెట్టండి. కాగితాలు ఇవ్వాలనుకుంటే మన ఊళ్ళలో మంచి చోట్లు ఉన్నాయి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం, 1901లో మొదలైన హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధనా సంస్థ, మీ జిల్లాలోని విశ్వవిద్యాలయం. ఎక్కడైనా సరే, ఇచ్చేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. మా అమ్మమ్మ రాసిన ఈ పుస్తకాన్ని మీరు ఎవరి పేరుతో ఎక్కిస్తారు అని. అమ్మమ్మ పేరుతో ఎక్కించాకే రసీదు తీసుకోండి.

ముద్దుపళని పీఠికను వెనక్కి తేవడానికి ఒక నాగరత్నమ్మ గారు పూనుకోవలసి వచ్చింది. మన ఇళ్ళలోని వేలాది పుస్తకాలకు అంతమంది నాగరత్నమ్మలు దొరకరు. కనుక ఆ పని మనమే, ఎవరింట్లో వాళ్ళం, చేతనైనంత చేసుకోవాలి. పేరు రాసి ఉన్న కాగితాన్ని ఈరోజు కాకపోతే రేపు ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. అలా వచ్చినవారికి పెట్టె తెరిచి చూపించడానికి మాలాంటి వాళ్ళం ఉన్నాం.